మొక్కకి లాగిన్ ఎందుకు? ఏడు నెలల హైడ్రోపోనిక్ గార్డెన్ తర్వాత నా అభిప్రాయం

సంక్రాంతికి ఊరెళ్లి, ఆరు రోజుల తర్వాత నిజాంపేటలోని ఫ్లాట్ తలుపు తీశా. ముందు వాసన వచ్చింది. నిలవ నీళ్ల వాసన. వంటగది గట్టు మీద నా "స్మార్ట్ గార్డెన్" చీకట్లో ఉంది. లెట్యూస్ ఆకులు పాలిపోయాయి, కాడలు సన్నగా సాగి పక్కకి వాలిపోయాయి. మూత ఎత్తి చూస్తే, తెల్లగా ఉండాల్సిన వేర్లు గోధుమరంగులోకి మారి, పట్టుకుంటే జారిపోతున్నాయి. యాప్ ఓపెన్ చేస్తే ఒకటే మాట: "డివైస్ ఆఫ్‌లైన్".

జరిగింది ఇది. భోగి రోజు మా అపార్ట్‌మెంట్‌లో కాసేపు కరెంటు పోయి వచ్చింది. మిషన్ రీస్టార్ట్ అయింది. అవ్వగానే టైమ్ ఎంతైందో కంపెనీ సర్వర్‌ని అడిగింది. ఆ వారం సర్వర్ పలకలేదు. టైమ్ తెలియదు కాబట్టి లైటు ఎప్పుడు వేయాలో దానికి తెలియలేదు, పంపు ఎప్పుడు తిప్పాలో తెలియలేదు. అలా ఎదురుచూస్తూ కూర్చుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మెయింటెనెన్స్ జరిగింది సర్, ఇప్పుడు ఒకసారి రీ-పెయిర్ చేయండి" అన్నారు. చేశా. లైటు వెలిగింది. కానీ మొక్కలు అప్పటికే పోయాయి.

ఆ రాత్రి అమ్మతో ఫోన్‌లో చెప్పా. మొత్తం విని, "మొక్కకి లాగిన్ ఏంట్రా? నీళ్లూ వెలుతురూ ఉంటే చాలదా?" అంది. నవ్వేసి ఊరుకున్నా. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ ఆర్టికల్ దాని గురించే.

ముందే చెప్పేస్తున్నా, హైడ్రోపోనిక్స్ వద్దని నేను అనట్లేదు. ఇప్పటికీ పెంచుతున్నా. నేను అనేది ఒక్కటే. ఈ మిషన్లని మనం ఫోన్‌లాగా, స్మార్ట్ బల్బులాగా రివ్యూ చేస్తున్నాం, కొంటున్నాం. అది తప్పు. సర్వర్ డౌన్ అయితే ఫోన్ ఆగుతుంది, మళ్లీ వచ్చాక పని చేస్తుంది. మొక్క ఆగదు.

అసలు ఇందులో ఏముంది?

బాక్స్ మీద ఎన్ని పదాలు రాసినా లోపల ఉండేవి నాలుగే: ఒక నీళ్ల ట్యాంకు, ఒక చిన్న పంపు, ఒక ఎల్‌ఈడీ లైటు, ఒక టైమర్. నేను దసరా సేల్‌లో రూ.8,499కి కొన్నదానికి ఆరు పాడ్‌లు, 4 లీటర్ల ట్యాంకు, 24 వాట్ల లైటు ఉన్నాయి. పాడ్ అంటే ప్లాస్టిక్ బుట్టలో స్పాంజి, అందులో విత్తనం. నీళ్లలో పోషకాల ద్రావణం కలుపుతాం. మట్టి ఉండదు. నిజానికి మొక్కకి కావాల్సింది మట్టి కాదు, అందులోంచి నీళ్లలో కరిగి వచ్చే ఖనిజాలు. వాటిని నేరుగా నీళ్లలోనే ఇస్తున్నాం, అంతే.

ఇదేం కొత్త టెక్నాలజీ కూడా కాదు. కాలిఫోర్నియా యూనివర్సిటీలో విలియం గెరిక్ అనే శాస్త్రవేత్త నీళ్లలో టమాటా మొక్కలు పెంచి చూపించి, 1937లో "హైడ్రోపోనిక్స్" అనే పేరుని వాడుకలోకి తెచ్చాడు. అప్పటికి యాప్‌లు లేవు, ట్రాన్సిస్టర్ కూడా లేదు.

కరెంటు ఖర్చు చాలామంది అడుగుతారు. 24 వాట్లు, రోజుకి 16 గంటలు అంటే 0.38 యూనిట్. నెలకి 11.5 యూనిట్లు. యూనిట్‌కి రూ.6 వేసుకున్నా నెలకి రూ.70 లోపే. కాబట్టి కరెంటు గురించి బెంగ అక్కర్లేదు.

ఏవి పెరుగుతాయి, ఏవి పెరగవు

అడ్వర్టయిజ్‌మెంట్‌లో అన్నీ పెరుగుతాయి. నా గట్టు మీద జరిగింది ఇదీ.

బేసిల్: నంబర్ వన్. మన తులసికి దగ్గరి చుట్టం. వారంలో మొలిచింది, నెల దాటేసరికి కోయడానికి వచ్చింది. చివర్లు తుంచేకొద్దీ పక్క కొమ్మలు వేస్తుంది. సూపర్ మార్కెట్‌లో కొన్న బేసిల్ ఫ్రిజ్‌లో పెడితే నల్లబడిపోతుంది, ఎందుకంటే ఆ ఆకు చలికి తట్టుకోదు. కాబట్టి ఇంట్లో మొక్క ఉండటం నిజంగా లాభమే.

లెట్యూస్: నాలుగైదు వారాల్లో రెడీ. మొత్తం పీకకుండా బయటి ఆకులు మాత్రమే కోస్తే ఇంకో నాలుగు వారాలు ఇస్తుంది. శాండ్‌విచ్‌కి, సలాడ్‌కి సరిపోతుంది. ఎండాకాలంలో మాత్రం పూత కాడ వేసి చేదెక్కుతుంది.

పుదీనా: దీనికి విత్తనం, పాడ్ ఏదీ అక్కర్లేదు. మార్కెట్ కట్టలోంచి గట్టి కాడ తీసి పెడితే వేర్లు వేస్తుంది. కానీ జాగ్రత్త, ఆ వేర్లు ట్యాంకంతా అల్లుకుని నా పంపు నోరు మూసేశాయి. పుదీనాకి విడిగా ఒక సీసా ఇవ్వండి.

కొత్తిమీర: మనవాళ్లందరూ దీనికోసమే కొంటారు, నేను కూడా. నిరాశపడింది కూడా ఇక్కడే. మొలకెత్తడానికే పది రోజులు దాటింది. కోతకి వచ్చేసరికి నెలన్నర. ఒక పాడ్‌లో వచ్చింది ఒక్క పూట రసానికి సరిపోయింది. ఒక టిప్: ధనియం గింజలో రెండు విత్తనాలుంటాయి. మెల్లగా నలిపి రెండుగా చేసి, ఒక్కో బుట్టలో ఆరేడు బద్దలు వేస్తే గుబురుగా వస్తుంది. వంటింటి ధనియాలు కూడా చాలాసార్లు మొలుస్తాయి.

గోంగూర, కరివేపాకు: ఇందులో పెంచాలనే ఆలోచనే వద్దు. ఒకటి మనిషి ఎత్తు పెరిగే మొక్క, ఇంకొకటి ఏకంగా చెట్టు. తోటకూర మొలుస్తుంది గానీ, ఇంట్లో ఇద్దరికి కూర కావాలంటే ఆరు పాడ్‌లు ఏ మూలకి?

మెంతికూర: లేత మొలకలు కావాలంటే ఒక ట్రేలో కొబ్బరిపొట్టు పోసి మెంతులు చల్లండి. మిషన్‌తో పనే లేదు.

లెక్క ఎక్కడ తప్పుతుంది

"ఇక కూరగాయల ఖర్చు తగ్గుతుంది" అనుకుని కొంటే మోసపోతారు. మా వీధి చివర కొత్తిమీర కట్ట రూ.20. ఈ మిషన్ డబ్బులతో 400కి పైగా కట్టలు వస్తాయి.

అసలు ఖర్చు మిషన్ దగ్గర ఆగదు. కంపెనీ రీఫిల్ పాడ్‌లు ఆరుకి రూ.1,200. అంటే ఒక పాడ్ రూ.200. అందులో ఉండేది ఒక స్పాంజి ముక్క, నాలుగు గింజలు, ఒక స్టిక్కర్. చవగ్గా ప్రింటర్ అమ్మి, ఇంకు కాట్రిడ్జ్ మీద సంపాదించుకునే వ్యాపారం మనకి తెలిసిందే కదా. ఇదీ అదే. విడిగా కొంటే 50 స్పాంజిలు రూ.150కి దొరికాయి, విత్తనాల ప్యాకెట్ రూ.30. ఒకే చిక్కు: కంపెనీ బుట్ట సైజు కొంచెం తేడాగా ఉంది, మామూలు స్పాంజి అందులో పట్టదు. బ్లేడుతో చెక్కి పెట్టాల్సొచ్చింది. ఆ తేడా అనుకోకుండా వచ్చిందని నేను నమ్మను.

స్పెక్ షీట్‌లో చెప్పనిది

ఫోన్లలో ఒకప్పుడు మెగాపిక్సెల్స్ చెప్పి మనల్ని ఎలా బుట్టలో వేశారో, ఇక్కడ "ఫుల్ స్పెక్ట్రమ్, 24 వాట్లు" అని అలా వేస్తున్నారు. వాట్లు చెప్పేది లైటు ఎంత కరెంటు తాగుతుందో మాత్రమే. ఆకు మీద ఎంత వెలుతురు పడుతుందో చెప్పే కొలత వేరే ఉంది, దాన్ని పీపీఎఫ్‌డీ అంటారు. ఒక చదరపు మీటరు మీద సెకనుకి ఎన్ని మైక్రోమోల్స్ కాంతి పడుతుందన్న లెక్క. దాన్ని రోజు మొత్తానికి కూడితే మోల్స్‌లో వస్తుంది. లెట్యూస్ పెంపకం మీద అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వేసిన హ్యాండ్‌బుక్‌లో రోజుకి 17 మోల్స్ టార్గెట్‌గా పెట్టుకున్నారు.

దీన్ని మీ ఫోన్‌తో సుమారుగా కొలవచ్చు. ఏదైనా లక్స్ మీటర్ యాప్ వేసుకుని, ఆకులు ఉండే ఎత్తులో ఫోన్‌ని స్క్రీన్ పైకి ఉండేలా పెట్టండి. లైట్ సెన్సర్ ముందు వైపే ఉంటుంది కదా. తెల్లటి ఎల్‌ఈడీ అయితే వచ్చిన లక్స్‌ని 67తో భాగిస్తే మైక్రోమోల్స్ దాదాపుగా వస్తాయి. ఎరుపు, నీలం కలిసిన గులాబీ రంగు లైటుకి ఈ లెక్క పనికిరాదు, ఫోన్ సెన్సర్ తప్పు చెబుతుంది.

నా మిషన్‌లో సరిగ్గా మధ్యలో 14,000 లక్స్ వచ్చింది. అంటే సుమారు 209 మైక్రోమోల్స్. 16 గంటలకి 12 మోల్స్. ఫర్వాలేదు. మూల పాడ్ దగ్గర 5,000 లక్స్, రోజుకి 4.3 మోల్స్ మాత్రమే. ఆరు పాడ్‌లు అని అమ్మారు గానీ, నిజంగా పని చేసేవి నాలుగు. మూలన పెట్టిన లెట్యూస్ ఎందుకు సన్నగా సాగిపోతోందో నాకు రెండు నెలల తర్వాత ఇలా అర్థమైంది.

ఇక నీళ్లు. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు మీటర్‌లో 700 టీడీఎస్ దాటాయి. పోషకాలు కలపకముందే అంత ఉంటే మొక్కకి ఇబ్బంది. ఆర్‌ఓ నీళ్లు వాడా. అందులో కాల్షియం దాదాపు ఉండదు, కొత్త ఆకుల అంచులు మాడాయి. చివరికి మూడొంతులు ఆర్‌ఓ, ఒక వంతు బోరు కలిపితే కుదిరింది. టీడీఎస్ మీటర్ ఒకటి, పీహెచ్ చుక్కల కిట్ ఒకటి కొనుక్కోండి. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. అది దాటితే నీళ్లలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేక ఆకులు పసుపెక్కుతాయి. యాప్‌లో ఇవేవీ కనిపించవు, "మీ గార్డెన్ హ్యాపీగా ఉంది" అనే బొమ్మ మాత్రం కనిపిస్తుంది.

అన్నిటికంటే పెద్ద విలన్ మన ఎండ. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకి అది 7.5కి పడిపోతుంది. వేర్లకి ఊపిరి తగ్గుతుంది, కుళ్లు తెగులు వస్తుంది. ఏప్రిల్ రెండో వారంలో నా ట్యాంకు నీళ్లు 31 డిగ్రీలు చూపించాయి. ఏసీ లేని వంటగదిలో ఏప్రిల్, మే నెలల్లో లెట్యూస్ పెంచడం మొండితనం. బేసిల్ ఒక్కటే నిలబడింది.

ఇవన్నీ ఒక వారం రివ్యూలో బయటపడవు. అన్‌బాక్సింగ్ వీడియోలో మొలక కూడా కనిపించదు. ఫోన్‌ని వారం వాడి రాయొచ్చేమో గానీ, దీనికి కనీసం రెండు కోతలు, ఒక ఎండాకాలం, ఒక పవర్ కట్ చూశాకే మార్కులు వేయాలి.

ఆ రెండు శాతం

ఇప్పుడు అసలు విషయానికొస్తా. నేను చేసేది బ్యాకెండ్ ఉద్యోగం. సర్వర్ అందకపోతే డివైస్ ఏం చేయాలి అనేది డిజైన్ రివ్యూలో మొదట రావాల్సిన ప్రశ్న. చివరిసారి ఇచ్చిన షెడ్యూల్‌ని మిషన్ తన మెమరీలో దాచుకుని, అదే నడిపిస్తే చాలు. టైమ్ మర్చిపోకుండా ఉండటానికి ఒక చిన్న క్లాక్ చిప్, ఒక బటన్ సెల్ కావాలి. పాత డిజిటల్ అలారం గడియారాలు కూడా చేసే పని ఇది. అది లేకుండా రూ.8,499 మిషన్ అమ్మారంటే, డబ్బు మిగల్చడానికో, లేక యాప్ తెరవకుండా మనం ఉండలేని పరిస్థితి తేవడానికో అని అనుకోవాల్సి వస్తుంది.

కానీ వాళ్లని తిట్టేముందు నా సంగతి ఒకటి చెప్పాలి. పోయినేడాది మా టీమ్ ఒక పాత ఏపీఐని ఆపేసింది. "రెండు శాతం ట్రాఫిక్ మాత్రమే" అన్నారు. టికెట్ నాదే, ఆపిందీ నేనే. ఆ రెండు శాతం ఎవరు, అవతల ఏం నడుస్తోంది అని నేను అడగలేదు. సాయంత్రం టికెట్ క్లోజ్ చేసి బిర్యానీ తినడానికి వెళ్లిపోయాం. సంక్రాంతి తర్వాత ఆ కుళ్లిన వేర్లు సింక్‌లో కడుగుతుంటే నాకు ఆ టికెట్ గుర్తొచ్చింది. ఈసారి రెండు శాతంలో నేనున్నా.

ఇది చిన్న కంపెనీల సమస్య అనుకోకండి. ఈ రంగానికి ప్రపంచమంతా పేరు తెచ్చిన ఏరోగార్డెన్, 2025 జనవరి 1 నుంచి తన వ్యాపారం మూసేస్తున్నట్టు 2024 అక్టోబర్‌లో ప్రకటించింది. తర్వాత 2025లోనే ఆ బ్రాండ్ మళ్లీ అమ్మకాలకి వచ్చింది, అది వేరే సంగతి. కానీ ఆ ప్రకటన చూసిన రోజు అలాంటి మిషన్ ఇంట్లో ఉన్నవాళ్ల ప్రశ్న ఏమై ఉంటుందో ఊహించండి. పాడ్‌లు దొరుకుతాయా? యాప్ ఉంటుందా? మిషన్ మీదే బటన్లు ఉండి, ఏ విత్తనమైనా పట్టేదైతే భయం లేదు. అన్నీ క్లౌడ్‌లో ఉంటే మాత్రం, ఇంకెవరో తీసుకునే నిర్ణయం మీద మీ వంటింటి మొక్క బతుకుతున్నట్టే.

యాప్ వల్ల ఉపయోగం లేదా అంటే, ఉంది. నీళ్లు తగ్గాయని నోటిఫికేషన్ రావడం నాకు నచ్చింది. మొదటిసారి పెంచేవాళ్లకి ఎప్పుడు ఏం చేయాలో గుర్తుచేయడం కూడా మంచిదే. యాప్ ఉండొద్దని కాదు. యాప్ లేకపోయినా లైటు వెలగాలి.

ఇప్పుడు నేనేం వాడుతున్నా

ఫిబ్రవరి నుంచి పక్కన ఇంకో సెటప్ పెట్టా. వెలుతురు చొరబడని 20 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, మూతకి నాలుగు రంధ్రాలు, అందులో నెట్ కప్పులు. పైన ఎలక్ట్రికల్ షాపులో కొన్న 20 వాట్ల మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబ్, దానికి తిప్పి పెట్టుకునే మెకానికల్ టైమర్ సాకెట్. పంపు లేదు. ఖర్చు రూ.1,500 దాటలేదు, పోషకాల సీసాలతో కలిపి.

పంపు లేకుండా ఎలా అంటారా? హవాయి యూనివర్సిటీకి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ చూపించిన పద్ధతి ఇది. మొదట నీళ్లు కప్పు అడుగుకి తగిలేలా నింపుతాం. మొక్క తాగేకొద్దీ నీటిమట్టం దిగుతుంది, మధ్యలో ఖాళీ జాగా ఏర్పడుతుంది. ఆ తేమ గాలిలో ఉన్న వేర్లు ఆక్సిజన్ తీసుకుంటాయి, కింది వేర్లు నీళ్లు తీసుకుంటాయి. అందుకే మళ్లీ నిండా నింపకూడదు, ఊపిరాడే వేర్లు మునిగిపోతాయి. ఒక్కో లెట్యూస్‌కి 4 నుంచి 5 లీటర్లు లెక్కేసుకుంటే కోత వరకు దాదాపు సరిపోతుంది. చూడటానికి అందంగా ఉండదు, ఒప్పుకుంటా. ట్యూబ్‌లైటు కింద డబ్బా అంతే. మార్చిలో కరెంటు పోయి వచ్చినప్పుడు టైమర్ నలభై నిమిషాలు వెనకబడింది. మొక్కలకి ఆ తేడా లెక్కే కాదు.

కొనాలా వద్దా?

రోజుకి నాలుగైదు గంటలు ఎండ పడే బాల్కనీ ఉంటే కొనకండి. రెండు కుండీలు, కాస్త మట్టి చాలు. నాలాగా ఉత్తరం వైపు ఫ్లాట్, బాల్కనీ లేదు, బేసిల్, లెట్యూస్ తరచుగా తింటారు అంటే కొనొచ్చు. అయితే మూడు విషయాలు చూడండి. లైటు, పంపు టైమింగ్ మిషన్ మీదున్న బటన్లతోనే మార్చుకోవచ్చా? బయట దొరికే స్పాంజి, విత్తనాలు, పోషకాలు పడతాయా? పంపు పోతే అక్వేరియం షాపులో దొరికే పంపు సరిపోతుందా? రెండిటికి "కాదు" అని వస్తే, ఎంత డిస్కౌంట్ ఉన్నా వదిలేయండి.

కొన్నాక, రిటర్న్ గడువు అయిపోకముందే ఒక టెస్ట్ చేయండి. ఇంట్లో వైఫై ఆపేయండి. మిషన్ ప్లగ్ పీకేసి పది నిమిషాలు ఆగి మళ్లీ పెట్టండి. వైఫై ఆన్ చేయకుండా ఒక రోజు వదిలేయండి. మర్నాడు టైమ్‌కి లైటు దానంతట అదే వెలిగితే ఉంచుకోండి. వెలగకపోతే అదే బాక్స్‌లో పెట్టి వెనక్కి పంపేయండి. నేను ఈ టెస్ట్ అక్టోబర్‌లో చేసి ఉంటే జనవరిలో వేర్లు కడిగే పని ఉండేది కాదు.

పోయిన నెల అమ్మ వచ్చి వారం ఉంది. పచ్చడికి పోను మిగిలిన పుదీనా కాడలు నాలుగు తీసి, పాత హార్లిక్స్ సీసాలో నీళ్లు పోసి, వంటగది కిటికీలో పెట్టింది. నేనేం అడగలేదు, తనేం చెప్పలేదు. వెళ్లేటప్పుడు మాత్రం "రెండ్రోజులకోసారి నీళ్లు మార్చు నాన్నా" అంది. మారుస్తున్నా. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకున్నా లెండి.